బయటి గొళ్ళెం

శుక్రవారంలోగా చేయవలసిన పనులు ఇవి. ఈ కుర్రాణ్ణి షాపులో పనికి పెట్టుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదని సెల్‌షాపాయన చేత చెప్పించాలి. బడికెళ్ళి హెడ్‌మాస్టర్ని కలవాలి. ఇంట్లో వాడు పడుకునే చోటు శుభ్రంగా ఉంచాలి, మేడమ్ ఎప్పుడొచ్చి చూస్తుందో చెప్పలేం. దీపాలు పెట్టాక వాణ్ణి గుమ్మం దాటనివ్వకూడదు. దొంగతనంలో వాడి వెంట ఉన్న ఆ ఇద్దరు పెద్దవాళ్ళు వీధి మొగలో కనిపిస్తే ఫోన్ చేయాలి. కేసులున్నవాళ్ళతో గానీ, ఒకప్పుడు లోపల ఉండి వచ్చినవాళ్ళతో గానీ మాట కలపనివ్వకూడదు. కోర్టు రోజున ఉతికిన చొక్కా వేయించాలి.

అన్నీ సవ్యంగా జరిగితే తమ్ముడు ఇంట్లోనే ఉంటాడు. ఏ ఒక్కటి బెసికినా బాలనేరస్థుల హోమ్‌కి పంపిస్తారు.

ఇదంతా ప్రొబేషన్ మేడమ్ కోర్టు వరండాలో వేళ్ళు మడుస్తూ చెప్పింది. ఆవిడ చేతిలో ఇంకా చాలా ఫైళ్ళున్నాయి. "ఈ వీలు అందరికీ దొరకదమ్మా. పిల్లాడు, మొదటి తప్పు, వెంట ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళు అని జడ్జిగారు వారం ఆగుతానన్నారు. ఈ వారం నీ చేతుల్లో ఉంది," అంది.

అక్క తన చేతుల వైపు చూసుకుంది. రోజంతా ఆవిరిలో నాని వేళ్ళ చివర్లు ముడతలు పడి ఉన్నాయి.

సోమవారం పొద్దున్నే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని సెల్‌షాపుకి వెళ్ళింది. షాపు షట్టరు ఒక మూల వంగిపోయి ఉంది. గడ్డపార పెట్టి లేపిన చోట ఇనుము నలిగింది. సెల్‌షాపాయన సుత్తితో కొట్టి కొంత సరిచేసుకున్నాడు కానీ అది ఇంకా నేలదాకా దిగడం లేదు. ఆయన వీళ్ళిద్దర్నీ చూసి తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"లేపరా. లేపడం వచ్చుగా నీకు."

తమ్ముడు చెవులదాకా ఎర్రబడ్డాడు. వంగి రెండు చేతులూ పెట్టి లాగాడు. వంగిన మూల దగ్గర షట్టరు పట్టేసింది. భుజం ఆనించి మళ్ళీ లాగాడు.

"ఆ రోజు మీరు ముగ్గురు, ఇవాళ ఒక్కడివే. అందుకే బరువు," అన్నాడాయన. అక్క వైపు తిరిగి, "వీణ్ణి హోమ్‌లో పెడితే నా షట్టరు వంకర తీరుతుందా చెప్పమ్మా. ఇక్కడుంటే రోజూ లేపుతాడు, రోజూ దించుతాడు. అది ఎంత బరువో వాడికే తెలుస్తుంది," అన్నాడు.

"మీ మేలు మర్చిపోను అన్నయ్యా."

"మేలూ లేదు, పాడూ లేదు. నాకు పని మనిషి లేడు. దొంగకి తాళాలిస్తే ఇల్లు భద్రమంటారుగా, చూద్దాం."

బల్ల మీద ఒక ఫోను విప్పి ఉంది. ఆయన అయస్కాంతపు రేకు మీద చీమ తలలంత స్క్రూలు ఒక్కొక్కటే పెడుతూ, ఏది ఏ రంధ్రంలోంచి వచ్చిందో ఆ వరసలోనే పెట్టాలని చూపించాడు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే లోపల పలక చిల్లు పడుతుంది. తమ్ముడు ఊపిరి బిగపట్టి చూశాడు. ఊపిరి వదిలితే స్క్రూలు ఎగిరిపోతాయేమో అన్నట్టున్నాడు. అక్క గుమ్మంలో కాసేపు నిలబడి, వాడు తలెత్తకపోవడం చూసి, పనికి వెళ్ళిపోయింది.

వాళ్ళుండేది వరస గదుల్లో. గదికో తలుపు, గదికో కిటికీ, అందరికీ కలిపి చివర కుళాయీ మరుగుదొడ్లూ. పక్క గదిలో టైలరత్త ఉంటుంది. ఆవిడ కొడుకు పగలంతా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుంటాడు. వయసు ఇరవై దాటింది. అతని మాట వినపడడమే అరుదు. వరసలోకి ఎవరు అడుగుపెట్టినా దిగ్గున లేచి, చేతులు తొడలకి ఆనించి, గడ్డం పైకెత్తి నిలబడతాడు. అతను హోమ్‌లో ఉండి వచ్చినవాడు. వీధి పిల్లలు అతనికి అటెన్షన్ అని పేరు పెట్టారు. ఎవరూ రాకపోయినా చాటునుంచి "అటెన్షన్" అని అరుస్తారు. అతను లేస్తాడు. పిల్లలు నవ్వుతారు.

"కూర్చోరా. ఎవరూ రాలేదు," అంటుంది లోపల్నుంచి టైలరత్త, మిషను ఆపకుండానే. రోజుకి ఎన్నిసార్లు అంటుందో ఆవిడకే తెలియదు.

ఆ సాయంత్రం అక్కా తమ్ముడూ వస్తుంటే అతను లేచాడు. అక్క తమ్ముడి మోచెయ్యి పట్టుకుని గబగబా దాటించింది.

"వాడి వైపు చూడకు," అంది మెల్లగా.

మెల్లగా అన్నాననుకుంది. మిషను ఆగింది. "చూస్తే అంటుకుంటుందా అమ్మా?" అంది టైలరత్త.

"కోర్టులో చెప్పారత్తా. నేను పెట్టిన షరతు కాదు."

"మా వాడప్పుడు షరతులు పెట్టేవాళ్ళు కూడా లేరు. వ్యానెక్కించారు, అంతే." మిషను మళ్ళీ మొదలైంది.

మంగళవారం అక్క పనిచేసే లాండ్రీకి హోమ్ మూట వచ్చింది.

ఆ మూట వారానికోసారి వస్తూనే ఉంటుంది. ఆస్పత్రి దుప్పట్లు తెల్లవి, హోటళ్ళవి మెత్తనివి, హోమ్‌వి నీలం అంచు ఉన్న ముతకవి. అక్కా, పెద్దమ్మ అని అందరూ పిలిచే పాత పనామె చెరో కొన పట్టుకుని, తడి దుప్పటిని బిగదీసి, వేడి రోలరు కిందకి అందిస్తారు. అంచు ఏమాత్రం వదులైనా లోపల ముడత పడి కాలుతుంది. "మొగుడి చెయ్యి వదిలినా వదులు, దుప్పటి కొస మాత్రం వదలకే," అని అక్క చేరిన మొదటి రోజే పెద్దమ్మ నేర్పింది.

ఆ రోజు అక్క చేతిలోకి వచ్చిన కొస సరిగా లేదు. చివర పీచుపీచుగా ఉంది. దాన్ని విప్పి చూసింది. తర్వాతి దుప్పటి చూసింది. దానికీ మూల తెగి, దారాలు గట్టిపడి గడ్డకట్టినట్టున్నాయి.

"ఎలకలు కొట్టినట్టున్నాయి పెద్దమ్మా."

పెద్దమ్మ తల ఎత్తలేదు. "ఎలకలు కాదే. పిల్లలు. రాత్రిళ్ళు నములుతారు."

"ఎందుకు?"

"ఏడుపు వినపడకుండా."

అక్క చాలా ఏళ్ళుగా ఆ దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆ మూలలు ఆమె వేళ్ళలోంచి వారం వారం వెళ్ళినవే. రోలరు తిరుగుతూనే ఉంది. తర్వాతి దుప్పటి కొస పట్టుకోవడానికి ఆమెకి చెయ్యి రాలేదు. "పట్టవే, కాలిపోతుంది," అని పెద్దమ్మ కేకేసింది. అప్పుడు పట్టుకుంది. అక్కడ పంటి గాట్లు ఆమె వేలికి తగిలాయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తమ్ముడు గుమ్మంలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"షాపులో ఉండాలిగా?"

"ఆయన మధ్యాహ్నం నుంచీ సామాను కోసం వెళ్ళాడక్కా. ఈ వారమంతా అంతేనట. భోజనాలకి మూసేస్తాడు."

"అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నావా?"

తమ్ముడు నేల చూశాడు. "వాళ్ళొచ్చారు. బండి మీద. మాట్లాడలేదు. మొగలో ఆగి ఊరికే చూశారు."

అక్క మేడమ్‌కి ఫోన్ చేసింది. మేడమ్ ఏదో బస్సులో ఉంది. రాసుకుంటానంది, స్టేషన్‌కి చెబుతానంది, పిల్లాణ్ణి ఒంటరిగా వదలద్దంది. అక్క సూపర్‌వైజరుకి ఫోన్ చేసి మూడు మధ్యాహ్నాలు సెలవడిగింది. "ఆవిరి బాయిలరు నీ తమ్ముడి కోసం ఆగుతుందా?" అన్నాడతను.

బుధవారం పొద్దున్న ఆమె ఇనపసామాన్ల కొట్టులో ఒక గొళ్ళెం, తాళం కొనుక్కొచ్చింది. తలుపుకి లోపలి గడియ ఉంది గానీ బయట ఏమీ లేదు. ఎప్పుడూ అవసరం రాలేదు, దోచుకోవడానికి ఏముంది గనక. స్క్రూడ్రైవరు పట్టుకుని తలుపు బయట నిలబడి గొళ్ళెం బిగించడం మొదలుపెట్టింది. తమ్ముడు పక్కన నిలబడి అరచేతిలో స్క్రూలు పోసుకుని వేరు చేశాడు.

"అది చిన్నదక్కా, పట్టదు. ఇదిగో, పొడుగుది."

వాడు అందించాడు, ఆమె బిగించింది. చివరి స్క్రూ దగ్గర ఆమె బలం చాలకపోతే వాడే తీసుకుని గట్టిగా తిప్పాడు. గొళ్ళెం లాగి చూసి, "ఊడదు," అన్నాడు.

మధ్యాహ్నం భోజనం విరామంలో ఆమె లాండ్రీ నుంచి పరుగెత్తుకొచ్చి, వాణ్ణి షాపు నుంచి తీసుకొచ్చి, గదిలో అన్నం, మంచినీళ్ళు పెట్టింది. మూలన మూత ఉన్న బకెట్టు పెట్టింది. మరుగుదొడ్డి వరస చివర కదా.

"ఇవాళా రేపేరా. ఎల్లుండి కోర్టయిపోతే ఇవేమీ ఉండవు."

"సరే," అన్నాడు తమ్ముడు. బకెట్టు వైపు చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు.

తాళం వేసి వెనక్కి తిరిగేసరికి పక్క మెట్టు దగ్గర టైలరత్త కొడుకు నిలబడి ఉన్నాడు. ఎప్పటిలా గడ్డం పైకి లేదు. అతని కళ్ళు తాళం మీద ఉన్నాయి. అక్క తాళంచెవి కొంగులో ముడేసుకుని దాటిపోయింది. వరస చివరికెళ్ళి తిరిగి చూస్తే ఇంకా అలాగే ఉన్నాడు. "కూర్చోరా, ఎవరూ రాలేదు," అని లోపల్నుంచి వినిపించింది. ఆ రోజు అతను కూర్చోలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె దుప్పటి కొస పట్టుకుని ఉండగా గదుల ఓనరు ఫోన్ చేశాడు. "మీ తలుపు ఊడబెరికాడు, పక్కవాడే. నీ కోర్టావిడ కూడా ఇక్కడే ఉంది. తొందరగా రా."

ఆమె చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వచ్చింది.

వరసలో జనం మూగి ఉన్నారు. తలుపు బార్లా తెరిచి ఉంది. గొళ్ళెం తాళంతో సహా ద్వారబంధం నుంచి వేలాడుతోంది. మెట్టు మీద స్క్రూలు ఒక వరసలో పెట్టి ఉన్నాయి. తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వాడి ముందు సగం తిన్న అన్నం గిన్నె ఉంది. మేడమ్ చేతిలో ఫోన్ ఉంది. ఆవిడ ఎదురుగా అతను, చేతులు తొడలకి ఆనించి, వేళ్ళ మధ్య వాళ్ళమ్మ మిషను స్క్రూడ్రైవరు ఇరికించుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరు తీశారిది?" అని మేడమ్ అడుగుతోంది.

"నేనే మేడమ్. తప్పయింది మేడమ్. ఇంకెప్పుడూ చేయను మేడమ్." పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఏం అడిగినా అదే చెప్పేట్టున్నాడు.

"నేను చెప్తూనే ఉన్నాను," అన్నాడు గదుల ఓనరు. "ఎన్నాళ్ళు బద్దలు కట్టినా కుక్క తోక వంకరే. పిల్లాణ్ణి కూడా లాగేద్దామని చూస్తున్నాడు. స్టేషన్‌కి ఫోన్ చేయండి మేడమ్."

టైలరత్త గుమ్మం పట్టుకుని నిలబడింది. అక్క కేసి చూస్తోంది.

అక్క చేయవలసిందల్లా నోరు మూసుకోవడమే. తాళం సంగతి ఎవరూ అడగలేదు. దొంగకి దొంగ పేరు ముందే ఉంది. తమ్ముడికి ఏమీ అంటదు. రేపు శుక్రవారం.

తమ్ముడు లేచి ఆమె దగ్గరికొచ్చాడు. చెవి దగ్గర గుసగుసగా చెప్పాడు. "నేను లోపల అటూ ఇటూ నడుస్తున్నానక్కా. అతను కిటికీలోంచి చూశాడు. మూలన చూశాడు. 'బకెట్టు పెట్టారా?' అని అడిగాడు. 'అక్కడ కూడా మూతుండేది,' అన్నాడు. తర్వాత వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాడు. ఒక్కో స్క్రూకీ చెయ్యి తీసేసి చాలాసేపు ఆగాడు. అతను భయపడ్డాడక్కా."

మేడమ్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆగండి మేడమ్," అంది అక్క. "తాళం వేసింది నేను. గొళ్ళెం బిగించింది నేను. నిన్న కూడా వేశాను."

"లోపల పిల్లాడుండగానా?"

"ఉండగానే."

మేడమ్ ఫోన్ దించింది. గదిలోకి వెళ్ళింది. బకెట్టు మూత తీయలేదు, దాని ముందు నిలబడింది అంతే. బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు స్క్రూలకి తగిలి ఒకటి దొర్లిపోయింది. అతను చప్పున వంగి దాన్ని తీసి మళ్ళీ వరసలో పెట్టి లేచి నిలబడ్డాడు.

"నాలుగు గోడలు వద్దనేగా తల్లీ ఇంత తిరుగుతున్నాం," అంది మేడమ్. ఆవిడ గొంతులో కోపం లేదు. "ఇది నేను రాయాలి. తెలుసా?"

"రాయండి. కానీ నేను పనికి పోతే వాణ్ణి ఎవరు చూస్తారో కూడా చెప్పండి మేడమ్."

జనంలో ఎవరో దగ్గారు. ఎవరూ ముందుకు రాలేదు. గదుల ఓనరు తన వాచీ చూసుకున్నాడు.

"నేను చూస్తాను," అన్నాడు టైలరత్త కొడుకు.

అందరూ అటు తిరిగారు. అప్పజెప్పిన పాఠం కాని మాట అతని నోట చాలామంది మొదటిసారి వింటున్నారు.

మేడమ్ తల అడ్డంగా ఊపింది. "నువ్వు చూడకూడదు బాబూ. నువ్వు వాడితో మాట్లాడకూడదు కూడా. షరతే అది." టైలరత్త వైపు చూడకుండా, "అసలు గోడ అవతలే ఉంటున్నాడంటే జడ్జిగారు ఏమంటారో. నేను మొదటి రోజు రాసినదాంట్లో అదొక్కటే మెలిక. ఈ ఇల్లు పనికిరాదన్నా అనొచ్చు," అంది.

ఆ రాత్రంతా పక్క గదిలో మిషను చప్పుడు లేదు. పొద్దుపోయే ముందు కుళాయి దగ్గర టైలరత్త బిందె నింపుకుంటూ అక్కని పలకరించింది.

"నీకు నోరు మూసుకుంటే పోయేదిగా."

"మీ అబ్బాయి ఊరుకుంటే అతనికీ పోయేదత్తా. బకెట్టు చూసి ఊరుకోలేకపోయాడు."

టైలరత్త బిందె నిండి పొర్లుతున్నా కుళాయి కట్టలేదు. "మీ వాడికెన్నేళ్ళు?"

"పదిహేను."

"ఊఁ," అంది. బిందె చంకనెత్తుకుంది. "చొక్కాకి మెడ దగ్గర గుండీ ఊడింది చూశాను. తెచ్చియ్యి, కుట్టి ఇస్తాను. కోర్టులో బాగోదు."

గుండీ కుట్టి, దారం పంటితో తెంపి, చొక్కా మడిచి ఇచ్చింది. అతను వెనక నిలబడి చూస్తున్నాడు. తమ్ముడు అక్క వెనకనుంచి అతనికి తల ఊపాడు. అక్క ఈసారి మోచెయ్యి పట్టుకోలేదు.

శుక్రవారం వాళ్ళు తెల్లవారుతూనే బయల్దేరారు. బడి దగ్గర ఆగి హెడ్‌మాస్టర్ని ఆటోలో ఎక్కించుకోవాలి.

కోర్టంటే బోను ఉంటుందనుకున్నాడు తమ్ముడు. ఉన్నది ఒక బల్ల, చుట్టూ కుర్చీలు. జడ్జిగారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చదివారు.

"తాళం వేశావట."

"వేశానండి."

"మేము వెయ్యకూడదనుకున్నది నువ్వు వేశావు."

"భయమేసిందండి. నేను హోమ్ దుప్పట్లు ఇస్త్రీ చేస్తానండి," అంది అక్క. "వాటి మూలలు నమిలి ఉంటాయండి." జడ్జిగారు అర్థంకానట్టు చూశారు. తర్వాత అర్థమైనట్టుంది, కళ్ళజోడు దించుకున్నారు.

హెడ్‌మాస్టరు రెండు మాటలు చెప్పాడు. అప్పటికే వచ్చి వెనక కూర్చున్న సెల్‌షాపాయన పిలవకుండానే లేచాడు. "మధ్యాహ్నాలు వీణ్ణి బండెక్కించుకుని సామానుకి తీసుకెళ్తానండి. ఈ మాట ముందే అడిగుంటే ముందే తీసుకెళ్ళేవాణ్ణి. ఎవరూ అడగలేదు. వీడు పనిమంతుడేం కాదు, కానీ స్క్రూలు పారేయడు."

జడ్జిగారు పేజీ తిప్పారు. "పక్క గదిలో పాత కేసు మనిషి ఉన్నాడని ముందు రాశారు. ఇవాళ పొద్దున ఆ గది ఖాళీ అయిందని కింద రాశారు. మంచిది. ఇక అభ్యంతరం ఏముంది." సంతకం చేశారు. "మూడు నెలలు ఇంట్లోనే ఉంచండి. తాళం లేకుండా."

అక్క మేడమ్ వైపు చూసింది. మేడమ్ కలం మూత పెట్టుకుంటోంది. ఆ మూత ఎంతకీ పట్టడం లేదు.

"మేడమ్, ఏ గది?"

"పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది," అంది మేడమ్. "నేను పొమ్మనలేదమ్మా. నేనా మాట అనలేదు."

ఇంటికి వచ్చే దారిలో అక్క ముఖం చూసి తమ్ముడు రెండుసార్లు నవ్వబోయి ఆగిపోయాడు.

పక్క గది తలుపు తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు. మిషను కాళ్ళు ఉన్నచోట నేల మీద నాలుగు గుంటలు. గోడ వార దారం ముక్కలు, ఎర్రవి, నీలంవి, ఊడ్చి కుప్పగా పెట్టి ఉన్నాయి. ఎత్తడానికి టైము చాలనట్టుంది. గదుల ఓనరు సున్నం బాల్చీ తెచ్చి పెట్టుకుంటున్నాడు.

"మీరటు వెళ్ళగానే ఇటు బయల్దేరారు. మిషను వాడు నెత్తిన పెట్టుకున్నాడు, మూట ఆవిడెత్తుకుంది. ఎక్కడికంటే చెప్పలేదు. పోనీలే, పీడ విరగడైంది."

"పీడెవరికి?" అంది అక్క.

ఆయన ఆమెని ఎగాదిగా చూసి బాల్చీలో కర్ర తిప్పడం మొదలుపెట్టాడు.

మొగలో పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్ళకింకా తెలియదు. ఒకడు అలవాటు చొప్పున గోడ చాటునుంచి "అటెన్షన్" అని అరిచాడు. ఖాళీ మెట్టు మీద ఎండ పడుతోంది. పిల్లలు నవ్వడానికి సిద్ధంగా ఉండి, ఎవరూ లేవకపోయేసరికి, నవ్వు ఏం చేయాలో తెలియక ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. తమ్ముడు వెళ్ళి ఆ మెట్టు మీద కూర్చున్నాడు. అక్క లోపలికి రమ్మనలేదు. చీకటి పడేదాకా వాడక్కడే ఉన్నాడు.

ఆ తల్లీ కొడుకుల జాడ ఆ తర్వాత వరసలో ఎవరికీ తెలియలేదు. ప్రతి ఆదివారం అక్క ఒక్కో బట్టల కొట్టుకీ వెళ్ళి, కొత్తగా కుట్టుపని అడగడానికి ఎవరైనా వచ్చారా అని వాకబు చేస్తూనే ఉంది.

ఇది చదివినవాళ్ళకి ఒక మనవి. మీ వీధిలోకి కుట్టు మిషనుతో ఒక తల్లి కొత్తగా వచ్చి ఉండొచ్చు. మీరు ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమె కొడుకు చేతులు తొడలకి ఆనించి లేచి నిలబడొచ్చు. నవ్వకండి. పేరు అడిగి, కూర్చోమనండి. ఒక పిల్లవాడు తన ఇంట్లో తాను పడుకోవడం కోసం అతను తన ఇల్లు వదిలి వెళ్ళాడు. ఆ పిల్లవాణ్ణి కోర్టు గుర్తుపెట్టుకుంటుంది, మేడమ్ ఫైల్లో వాడున్నాడు. అతను ఎవరి ఫైల్లోనూ లేడు. అతన్ని మీరు గుర్తుపెట్టుకోండి.